ఎన్‌ఎల్25 నుంచి ఎన్‌ఎల్50కి: బ్యాంక్‌రోల్ షీటు కట్టిన డైరీ

ఆన్‌లైన్ పోకర్‌లో పై మెట్టుకి ఎప్పుడు ఎక్కాలి, ఎప్పుడు దిగాలి అన్నది టేబుల్ మీద కూర్చున్నాక తేల్చుకునే విషయం కాదు. అప్పటికి తల వేడెక్కి ఉంటుంది. ఆ నిర్ణయాలన్నీ ముందే అంకెల్లో రాసిపెట్టే ఒక గూగుల్ షీటు కట్టాం. ఎక్కడెక్కడ తప్పింది, ఎందుకు మార్చాం అన్నదే ఈ డైరీ. ఆట ఎలా ఆడాలన్నది ఇందులో లేదు.

స్థలం న్యూజెర్సీ. అక్కడ 2013 నవంబరు నుంచి లైసెన్సు ఉన్న సైట్లలో పోకర్ ఆడొచ్చు. వయసు 21 నిండాలి, ఆడే సమయానికి రాష్ట్రం లోపలే ఉన్నట్టు లొకేషన్ చెక్‌లో తేలాలి. ఇండియాలో ఉన్నవాళ్లు మాత్రం దీన్ని కాపీ చేయకండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతటా అదే పరిస్థితి. వీపీఎన్ పెట్టుకుని బయటి సైట్లలో ఆడితే ఇరుక్కున్న డబ్బు గురించి అడగడానికి దిక్కుండదు.

కొత్తవాళ్ల కోసం రెండు మాటలు. హ్యాండ్ అంటే ముక్కలు ఒకసారి పంచి ఆడే ఒక ఆట. ఎన్‌ఎల్25 అంటే బ్లైండ్లు (ప్రతి హ్యాండ్‌కి ముందు ఇద్దరు తప్పనిసరిగా పెట్టే డబ్బు) 10, 25 సెంట్లు. పూర్తి బై-ఇన్ (టేబుల్ మీదకి తెచ్చుకునే డబ్బు) 25 డాలర్లు, అంటే 100 బిగ్ బ్లైండ్లు. ఎన్‌ఎల్50లో బ్లైండ్లు 25, 50 సెంట్లు, బై-ఇన్ 50 డాలర్లు. "రోల్" అంటే బ్యాంక్‌రోల్, పోకర్ కోసమే విడిగా పెట్టుకున్న డబ్బు. కింద "బీబీ" అంటే బిగ్ బ్లైండ్. లెక్కలన్నీ ఆరుగురు కూర్చునే నో-లిమిట్ హోల్డెమ్ టేబుళ్లవి.

దశ 1: రోల్ ఎంతో తేల్చడం

ఇంత చిన్న పనిలోనే మొదటి తప్పు దొర్లింది. సైట్ క్యాషియర్‌లో కనిపించిన 1,180 డాలర్లని అలాగే ఎక్కించాం. అందులో 100 ఇంకా విడుదల కాని బోనస్, 80 టోర్నమెంట్ టికెట్లు. క్యాష్ టేబుల్ మీద పెట్టగలిగింది సరిగ్గా 1,000. షీటు 47 బై-ఇన్లు అంటోంది, ఉన్నవి 40. ఈ ఏడు బై-ఇన్ల తేడాతోనే చాలామంది లెక్క ప్రకారం ఎక్కాం అనుకుంటూ లెక్క లేకుండా ఎక్కేస్తుంటారు.

మార్చినవి:

1. రోల్ గడిలో ఇవాళ విత్‌డ్రా చేయగల డబ్బు మాత్రమే. బోనస్ విడుదలైన రోజున చేరుతుంది, అంతకు ముందు కాదు.
2. ఇంటి డబ్బు, జీతం, అత్యవసర నిధి షీటులోకి రావు. "కావాలంటే ఇంకో 500 వేయొచ్చు" అన్న గడి ఉంటే ఆ షీటు చెప్పేదేదీ నిజం కాదు.
3. సైట్‌లోనే డిపాజిట్ పరిమితి పెట్టాలి. తగ్గిస్తే వెంటనే అమలవుతుంది, పెంచాలంటే పాత గడువు ముగిసేదాకా ఆగాలి. రాత్రి రెండింటికి తీసుకునే నిర్ణయాలకి ఆ గడువే అడ్డం.

ఇప్పటిదాకా: రోల్ 1,000 డాలర్లు. ఎన్‌ఎల్25లో 40 బై-ఇన్లు, ఎన్‌ఎల్50లో 20.

దశ 2: రెండు కొలతలు

షీటుకి రెండు అంకెలు కావాలి: 100 హ్యాండ్లకి గెలుపు రేటు, 100 హ్యాండ్లకి స్టాండర్డ్ డీవియేషన్ (ఫలితాలు సగటు నుంచి ఎంత చెదురుతాయో చెప్పే అంకె). రెండూ పోకర్‌ట్రాకర్ 4 లాంటి సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతాయి. హ్యాండ్ హిస్టరీ ఇవ్వని సైటైతే చేత్తో రాసుకోవడమే.

చేత్తో రాసినచోట తప్పింది. ఒక్కో సెషన్ ఫలితాన్ని ఒక్కో వరుసలో పెట్టి మొత్తానికి డీవియేషన్ తీశాం. సెషన్లేమో ఒకటి 200 హ్యాండ్లు, ఇంకోటి 900. డీవియేషన్ హ్యాండ్ల సంఖ్యతో సమానంగా పెరగదు, దాని వర్గమూలంతో పెరుగుతుంది. 100 హ్యాండ్లకి 100 బీబీ ఉంటే 900 హ్యాండ్లకి 300 బీబీ అవుతుంది. అంటే 900 హ్యాండ్ల సెషన్‌లో మూడు బై-ఇన్లు పోవడం వింతేమీ కాదు. అన్నిటినీ కలిపి తీసిన అంకె అటు సెషన్‌కీ చెందదు, ఇటు 100 హ్యాండ్లకీ చెందదు.

దిద్దుబాటు: 100 హ్యాండ్లు కాగానే ఒక వరుస. సెషన్ మధ్యలో ఉన్నా సరే, టేబుళ్ల మొత్తం చూసి రాసేయడమే. ఆరుగురి టేబుల్‌లో డీవియేషన్ మామూలుగా 90, 100 మధ్య తిరుగుతుంది. మీ షీటులో 40 గానీ 250 గానీ వస్తే ఆటని అనుమానించే ముందు వరుసల్ని అనుమానించండి. మేం గుండ్రంగా 100 తీసుకున్నాం.

ఇంకో చోట కూడా జాగ్రత్త. పాత రాతల్లో గెలుపు రేటుని బిగ్ బ్లైండ్లలో కాక బిగ్ బెట్లలో చెప్పేవారు. ఒక బిగ్ బెట్ అంటే రెండు బ్లైండ్లు. అక్కడి అంకెని ఇక్కడ పెడితే అన్నీ రెండింతలు తప్పుతాయి.

అసలు చిక్కు గెలుపు రేటుతో. 50,000 హ్యాండ్లు ఆడితే 100 హ్యాండ్లకి 5 బీబీ చొప్పున వచ్చిందనుకోండి. దాని పొరపాటు హద్దు ఇలా తీయాలి: హ్యాండ్లని 100తో భాగించి, వర్గమూలం తీసి, దాంతో డీవియేషన్‌ని భాగించాలి. 50,000కి అది 4.5 బీబీ. దానికి సుమారు రెండింతలు అటూ ఇటూ పెడితే అసలు రేటు మైనస్ 3.8 నుంచి 13.8 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. లక్ష హ్యాండ్లు ఆడినా అటూ ఇటూ 6 బీబీ. 10,000 హ్యాండ్లకైతే దాదాపు 20. పదివేల హ్యాండ్ల గ్రాఫ్ పైకి పోతోందని మెట్టెక్కడం కొలత లేకుండా ఎక్కడమే.

కాబట్టి షీటులో కొలిచిన రేటుకి ఒక గడి, వాడే రేటుకి పక్కన ఇంకో గడి పెట్టాం. లక్ష హ్యాండ్లు దాటేవరకు వాడే రేటు కొలిచినదాంట్లో సగమే. సగమే ఎందుకంటే చూపించడానికి సూత్రం లేదు, అది మా తీర్పు. కింద అర్థం అవడానికి 5 బీబీనే నికరమైన రేటుగా పెట్టి లెక్కలు చూపిస్తున్నాం.

ఇప్పటిదాకా: రోల్ 1,000. రేటు 5, డీవియేషన్ 100.

దశ 3: దివాలా సూత్రం

సూత్రం చిన్నదే. రేటుని రోల్‌తో, 2తో గుణించాలి. డీవియేషన్ వర్గంతో భాగించాలి. వచ్చినదానికి మైనస్ పెట్టి ఎక్స్‌ప్ ఫంక్షన్‌లో వేయాలి. వచ్చేది అదే మెట్టు మీద ఆడుతూ పోతే రోల్ ఎప్పుడో ఒకప్పుడు సున్నా అయ్యే అవకాశం. రోల్ కూడా బీబీల్లోనే ఉండాలి, డాలర్లలో కాదు.

రేటు 5, డీవియేషన్ 100 అయితే:

30 బై-ఇన్లకి (3,000 బీబీ) 5 శాతం.
46 బై-ఇన్లకి 1 శాతం.
15 బై-ఇన్లకి 22 శాతం.

రేటు 2.5 అయితే 5 శాతం దగ్గర ఆగడానికి 60 బై-ఇన్లు కావాలి. 10 అయితే 15 చాలు. "ఎన్ని బై-ఇన్లు ఉండాలి" అని అడిగితే ఒకే అంకె చెప్పేవాళ్లని నమ్మకపోవడానికి కారణం ఇదే. రేటు సున్నా గానీ మైనస్ గానీ అయితే అవకాశం 100 శాతం. కొండంత రోల్ ఉన్నా కరగడానికి పట్టే కాలమే తేడా. అలాంటి రేటుకి ఈ షీటు పనికిరాదు, ఆట మెరుగుపడాలి లేదా ఆపాలి.

దశ 4: షీటులో పరీక్ష, అబద్ధం చెప్పిన పరీక్ష

సూత్రాన్ని గుడ్డిగా నమ్మకుండా షీటుతోనే ఆడించి చూశాం. ఒక్కో వరుస 100 హ్యాండ్లు. సగటు 5, డీవియేషన్ 100 ఉండేలా ర్యాండమ్ అంకె తీసి పై వరుస రోల్‌కి కలపడం. వెయ్యి వరుసలు కిందికి లాగితే లక్ష హ్యాండ్లు. అలాంటి దారులు వెయ్యి.

30 బై-ఇన్లతో మొదలుపెడితే వెయ్యి దారుల్లో దివాలా తీసినవి అయిదారు మాత్రమే. సూత్రం 5 శాతం అంటోంది, షీటు అర శాతం అంటోంది. సంతోషించాల్సిన తేడా కాదది.

తప్పు ఎక్కడంటే, దారి చివరి వరుస సున్నాకి కింద ఉందా అని మాత్రమే చూశాం. మధ్యలో మైనస్ 400కి పోయి, మళ్లీ లేచి 2,000 దగ్గర ముగిసిన దారి బతికినట్టే లెక్కకొచ్చింది. నిజంలో ఆ దారి 300వ వరుసలోనే ఆగిపోయింది. టేబుల్ మీద పెట్టడానికి డబ్బు లేదు, లేవడానికి అవకాశమే లేదు.

దిద్దుబాటు:

1. ప్రతి వరుసలో: పై వరుస సున్నా లేదా తక్కువ అయితే ఇక్కడా సున్నాయే. లేకపోతేనే కొత్త ఫలితం కలపాలి.
2. దారికి ఒక "కనిష్ఠం" గడి. చివరి అంకె కన్నా అదే ముఖ్యం.
3. మళ్లీ వెయ్యి దారులు.

ఈసారి దివాలాలు 40 చుట్టుపక్కల తేలాయి. సూత్రం చెప్పే 50 కన్నా కొంచెం తక్కువ రావడం సబబే. సూత్రం అంతులేని ఆటకి, షీటు లక్ష హ్యాండ్లకే.

ఇంకో చిరాకు: ర్యాండమ్ ఫంక్షన్ షీటులో ఏ గడి మార్చినా మళ్లీ తిరుగుతుంది. ఒక దారిని చూస్తుండగానే అది మాయమై ఇంకోటి వస్తుంది. నచ్చని దారి వస్తే ఇంకోసారి నొక్కే అలవాటు కూడా ఇక్కడే పుడుతుంది. దారి రాగానే మొత్తం కాపీ చేసి, విలువలు మాత్రమే అతికించే ఆప్షన్‌తో వేరే ట్యాబ్‌లో పెట్టాలి.

దశ 5: షాట్ లెక్క

ఈ ప్రాజెక్టులో ఎక్కువ కాలం తిన్న దశ ఇదే. పూర్తిగా మెట్టెక్కకుండా, కొంత డబ్బు పక్కనపెట్టి పై మెట్టు మీద ప్రయత్నించి చూడటాన్ని షాట్ అంటారు. మొదట పెట్టుకున్న నియమం:

1. రోల్ 1,000 చేరితే ఎన్‌ఎల్50లో షాట్.
2. 5 బై-ఇన్లు, అంటే 250 డాలర్లు పోతే ఆపి ఎన్‌ఎల్25కి దిగాలి.
3. రోల్ 1,500 అయితే షాట్ నెగ్గినట్టు. అప్పుడు ఎన్‌ఎల్50లో 30 బై-ఇన్లు ఉంటాయి.

పై మెట్టులో ఆటగాళ్లు గట్టివాళ్లు కాబట్టి అక్కడి రేటు 5 కాదు, 3 అనుకున్నాం. 500 బీబీ పోకముందే 1,000 బీబీ గెలిచే అవకాశం 44 శాతం. అంటే నిజంగా గెలిచే ఆటగాడికే సగానికి పైగా షాట్లు ఓడిపోతాయి. షాట్ పోయిందంటే ఆట చెడినట్టు కాదు. ఈ అంకెని షీటులో షాట్ నియమం పక్కనే పెద్ద అక్షరాల్లో పెట్టాం.

షాట్ పోతే 750 నుంచి 1,000కి మళ్లీ రావాలి. ఎన్‌ఎల్25లో 5 బీబీ అంటే 100 హ్యాండ్లకి డాలరు పావలా. 250 డాలర్లకి సగటున 20,000 హ్యాండ్లు. నాలుగు టేబుళ్ల మీద గంటకి 300 హ్యాండ్ల చొప్పున 67 గంటలు.

ఇక మొత్తం కూడితే:

ఒక నెగ్గే షాట్‌కి సగటున 2.3 ప్రయత్నాలు.
పోయిన 1.3 షాట్లకి తిరిగి కట్టుకోవడం: 25,800 హ్యాండ్లు.
షాట్లలో ఆడేది, ఒక్కోటి సగటున 5,200 చొప్పున: 11,800 హ్యాండ్లు.
మొత్తం 37,600.

షాట్లేవీ లేకుండా ఎన్‌ఎల్25లోనే 1,000 నుంచి 1,500 దాకా ఆడితే 40,000 హ్యాండ్లు. ఇంత హైరానాకి ఆదా 2,400 హ్యాండ్లు, ఎనిమిది గంటలు.

షాట్ సైజు మారిస్తే బాగుంటుందేమోనని 3 బై-ఇన్లతోనూ వేసి చూశాం. నెగ్గే అవకాశం 30 శాతానికి పడిపోయింది. పోయినా తిరిగి కట్టుకోవాల్సింది 12,000 హ్యాండ్లే. మొత్తం 37,900. దాదాపు అదే. కాలం దృష్ట్యా షాట్ సైజుతో పనిలేదు. 100 హ్యాండ్లకి ఎంత వస్తుందన్నదే లెక్క: ఎన్‌ఎల్50లో 3 బీబీ అంటే డాలరున్నర, ఎన్‌ఎల్25లో 5 బీబీ అంటే డాలరు పావలా. పై మెట్టు రేటు కింది రేటులో సగం కన్నా తగ్గితే, ఇక్కడ 2.5 కన్నా, ప్రతి షాట్ వెనక్కి లాగుతుంది. ఆ సగం గీతని షీటులో ఎర్ర గడిగా పెట్టాం.

మరి షాట్ ఎందుకంటే, ఆ పై మెట్టు రేటు కొలవడానికి వేరే దారి లేదు కాబట్టి. పైగా రేక్ (హ్యాండ్‌లో పోగైన డబ్బు నుంచి సైట్ తీసుకునే కోత) కూడా ఉంది. అయిదు శాతం రేక్‌కి గరిష్ఠం రెండు డాలర్లనుకుంటే, అది ఎన్‌ఎల్25లో 8 బీబీ, ఎన్‌ఎల్200లో 1 బీబీ. మెట్టెక్కేకొద్దీ ఆ భారం తగ్గుతుంది.

నడిపేటప్పుడు తేలిన లోపం ఒకటి. నాలుగు ఎన్‌ఎల్50 టేబుళ్లు తెరిస్తే ఒకేసారి 200 డాలర్లు టేబుళ్ల మీద ఉంటాయి. ఆటో టాప్-అప్ ఆన్ చేసి ఉంటే పోయింది పోయినట్టు తనంతట తనే నిండుతుంది, 250 గీత దాటాక గానీ కంటపడదు. అందుకే షాట్‌లో రెండే ఎన్‌ఎల్50 టేబుళ్లు, పక్కన రెండు ఎన్‌ఎల్25. టాప్-అప్ ఆఫ్. మెట్టుకొక ట్యాబ్, లేకపోతే రెండింటి ఫలితాలు కలిసిపోయి ఏ రేటూ తెలియదు.

పోయినచోటే వెతుక్కోవాలన్న సామెత ఈ లెక్కకి సరిగ్గా వ్యతిరేకం. ఎన్‌ఎల్50లో పోయింది ఎన్‌ఎల్25లో వెతుక్కోవాలి.

దశ 6: ఒక నమూనా దారి

షీటు తీసిన దారుల్లో ఒకటి, నియమాలు ఎలా పట్టుకుంటాయో చూడటానికి:

షాట్ 1: 3,900 హ్యాండ్లు. రోల్ 738. దిగడం.
ఎన్‌ఎల్25: 24,300 హ్యాండ్లు. రోల్ 1,006. మొత్తం హ్యాండ్లు 28,200.
షాట్ 2: 2,600 హ్యాండ్లు. రోల్ 744. మొత్తం 30,800.
ఎన్‌ఎల్25: 16,500 హ్యాండ్లు. రోల్ 1,011. మొత్తం 47,300.
షాట్ 3: 8,100 హ్యాండ్లు. రోల్ 1,517. మొత్తం 55,400.

గంటల్లో 185. గీతల మీద కచ్చితంగా ఆగకపోవడానికి కారణం వరుసకి 100 హ్యాండ్లు ఉండటం. నిజం టేబుల్ మీద కూడా అంతే, ఒక్క హ్యాండ్‌లోనే 100 బీబీ అటో ఇటో పోతాయి.

ఇక్కడ నియమాల్లో లేని గీత ఒకటి బయటపడింది. 1,517తో ఎన్‌ఎల్50లో స్థిరపడ్డాక మళ్లీ పడితే? మొదటి షీటులో దానికి గడే లేదు. 1,000 దగ్గర దిగాలి అని చేర్చాం. 3 బీబీ రేటుతో 1,500 నుంచి ఎప్పుడో ఒకప్పుడు 1,000కి జారే అవకాశం 55 శాతం. కాబట్టి దిగే గీత అరుదైన ఆపదకోసం పెట్టేది కాదు, వాడబోయే గీతే. కింద కూడా ఒకటి: ఎన్‌ఎల్25లో రోల్ 500కి వస్తే ఎన్‌ఎల్10.

దశ 7: తీసుకునే డబ్బు

నెలకి 20,000 హ్యాండ్లు, ఎన్‌ఎల్25, 5 బీబీ: సగటున 250 డాలర్లు. అందులో 200 ఇంటికి తీసుకుంటే రోల్‌లో మిగిలేది 50. రోల్ దృష్టిలో రేటు 5 కాదు, 1. ఆ 1ని దశ 3 సూత్రంలో పెడితే 30 బై-ఇన్ల దివాలా అవకాశం 5 శాతం నుంచి 55కి ఎగబాకింది. ఆట అదే, టేబుళ్లు అవే. చిల్లి కుండలో నీళ్లు పోసినట్టే. మొత్తం 250 తీసేస్తే దివాలా ఎప్పటికైనా తప్పదు.

అందుకని విత్‌డ్రా నెల జీతంలా కాకుండా గీత దాటిన మిగులు నుంచి మాత్రమే. షీటులో వాడే రేటు గడి ఇప్పుడు విత్‌డ్రాని తీసేశాకే లెక్క వేస్తుంది.

పన్ను కూడా ఇక్కడే. అమెరికాలో 2026 నుంచి ఫెడరల్ పన్నుకి నష్టాల్లో 90 శాతమే తీసివేయనిస్తారు. గెలిచిన సెషన్లు 10,000 డాలర్లు, ఓడినవి 9,000 అనుకోండి. చేతికొచ్చింది 1,000. తీసివేసేది 8,100, పన్ను లెక్కకి ఆదాయం 1,900. అదీ మినహాయింపుల్ని విడివిడిగా చూపించేవాళ్లకే. మెట్టెక్కేకొద్దీ గెలుపు ఓటముల మొత్తాలు రెండూ ఉబ్బుతాయి, మధ్య తేడా అంతగా పెరగదు. కాబట్టి సెషన్ తేదీ, మొదలు, ముగింపు, గెలుపు ఓటములు ఒక ట్యాబ్‌లో విడిగా ఉండాలి. 100 హ్యాండ్ల వరుసలు దానికి పనికిరావు. పన్నుకోసం అట్టిపెట్టిన డబ్బు రోల్‌లో లెక్కకు రాదు.

దశ 8: మిగిలినవి

పాట్-లిమిట్ ఒమాహాకి (చేతికి నాలుగు ముక్కలిచ్చే ఇంకో రకం పోకర్) ఇదే షీటు కాపీ చేయకండి. అక్కడ డీవియేషన్ 150 అనుకుంటే వర్గం 22,500, అంటే అదే భద్రతకి రోల్ రెండుంపావు రెట్లు: 30 బై-ఇన్ల చోట 67.5. డీవియేషన్ గడి మార్చగానే షీటు మిగతాది తనే మార్చుకుంటుంది, కానీ షాట్ గీతలు చేత్తో మార్చాలి. టోర్నమెంట్లకి వేరే షీటు కావాలి, అది ఇంకా కట్టలేదు.

ఇప్పటి స్థితి: ట్యాబ్‌లు నాలుగు (వరుసలు, మెట్లు, దారులు, సెషన్లు). గీతలు నాలుగు: 500, 750, 1,000, 1,500. ఇందులో మూడు దిగడానికి వాడేవే.